ఆపరేషన్ బాగానే జరిగింది, మరి ఈ నొప్పి ఎక్కడిది?

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ నడుముకి ఆపరేషన్ చేయించుకున్న పెద్దావిడ ఎవరైనా ఉన్నారాండీ? పూస జారిందనో, నరం నొక్కుకుపోయిందనో స్క్రూలూ కడ్డీలూ వేయించుకున్నవాళ్ళు? ఉంటే ఈ నాలుగు ముక్కలూ కాస్త ఓపిగ్గా చదవండి. డాక్టర్లు చెప్పాల్సింది డాక్టర్లు చెబుతారు. రోగిని ఇంటికి తెచ్చుకున్నాక మంచం పక్కన కూర్చునే మనిషికి ఏం కనపడుతుందో అది నేను చెబుతాను.

మాది రాయవరం. తూర్పు గోదావరి జిల్లా అని చెప్పుకుంటూ పెరిగినవాళ్ళం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మా మండలాన్ని కోనసీమ జిల్లాలో కలిపారు. నిజానికి కోనసీమ అంటే గౌతమికి అవతల, మేం ఇవతల. అమలాపురం వాళ్ళు నవ్వుకుంటారేమో గానీ వరిచేలూ, కొబ్బరిచెట్లూ, కాలవలూ మాకూ ఉన్నాయి లెండి. సినిమా డైరెక్టరు వంశీగారి పసలపూడి మా మండలంలోదే. నేను ఇంటర్మీడియెట్ బైపీసీ చదివాను. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, వంటిల్లు. ఆ చదువు మా అత్తగారి నడుం పుణ్యమా అని ఇన్నేళ్ళకి కాస్త అక్కరకొచ్చింది.

మా అత్తగారికి 2023 నాటికి అరవై ఆరేళ్ళు. కూర్చుంటే లేవరు, లేస్తే కూర్చోరు అంటారే, అలాంటి మనిషి. సంక్రాంతికి అరిసెలు, ఎండాకాలం ఆవకాయ, ఒడియాలు, కారాలు అన్నీ ఆవిడ చేతి మీదే జరగాలి. మిక్సీ వచ్చినా కందిపొడి మాత్రం తిరగలిలోనే. అలాంటిది నాలుగైదేళ్ళుగా నడుం పట్టుకుని తిరుగుతున్నారు. ఇంటి దగ్గర్నుంచి గుడిదాకా నడవాలంటే దారిలో ఉన్న అరుగులన్నిటి మీదా ఓసారి కూర్చోవాల్సిందే. నాలుగడుగులు వేసేసరికి ఎడమ కాలు పిక్కదాకా లాగేసేది. కాసేపు కూర్చుంటే సర్దుకునేది. స్కానింగు తీస్తే నడుములో నాలుగో పూస ఐదో పూస మీద నుంచి ముందుకు జారిందనీ, కాల్లోకి వెళ్ళే నరం దారి ఇరుకైపోయిందనీ చెప్పారు. మందులు, బెల్టు, వ్యాయామాలు ఏడాదిపాటు అయ్యాక ఆపరేషన్ మాట వచ్చింది.

ఆ ఆపరేషన్ ఏమిటో నాకు అర్థమైనంతలో చెబుతాను. జారిన పూసని, దాని కిందవాటిని స్క్రూలతో, కడ్డీలతో కదలకుండా బిగిస్తారు. మధ్యలో ఎముక పొడి, ముక్కలు పెడతారు. కొన్ని నెలలకి అవన్నీ అతుక్కుని ఒకటే ఎముకలా అయిపోతాయి. స్క్రూలు అప్పటిదాకా పట్టి ఉంచే ఊతకర్రలన్నమాట. అసలు పని ఎముక అతుక్కోవడమే. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. 1911లోనే న్యూయార్కులో హిబ్స్, ఆల్బీ అనే ఇద్దరు డాక్టర్లు ఎవరికి వారుగా ఈ పూసలు అతికించే పద్ధతి మొదలుపెట్టారట, వెన్నులో క్షయ పట్టినవాళ్ళకి. స్క్రూలు, స్కానింగులు ఆ తర్వాత వచ్చినవి. మా అత్తగారికి నాలుగో పూస నుంచి కిందనున్న త్రికాస్థి దాకా బిగించారు.

ఈ త్రికాస్థి సంగతే ఇప్పుడు మనకి ముఖ్యం. నడుం కింద, రెండు తుంటి ఎముకల మధ్య మేకు దిగ్గొట్టినట్టు ముక్కోణంగా ఉండే ఎముక. ఐదు పూసలు కలిసిపోయి ఒక్కటైనది. చూశారూ, దేవుడు ముందే ఒక ఆపరేషన్ చేసి పంపాడన్నమాట! తల నుంచి నడుందాకా ఉన్న బరువంతా దీని మీదకే దిగి, ఇక్కణ్ణుంచి రెండు కాళ్ళకీ పంచుకుంటుంది.

2023 ఫిబ్రవరి మొదటి వారంలో పట్నంలోని ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. బాగానే జరిగింది. మూడో రోజు నడిపించారు. ఆవిడ మొదటి మాటే, "అమ్మాయ్, కాలు లాగట్లేదే!" అని. ఆ ఒక్క మాటకే కొబ్బరితోట మీద వచ్చిన డబ్బంతా ఖర్చయిందన్న బెంగ మాకు తీరిపోయింది.

ఇంటికొచ్చాక ఆసుపత్రి వాళ్ళు చెప్పినవన్నీ కాగితం మీద రాసి గోడకి అంటించాను. పక్కకి తిరగాలంటే నడుం మెలితిప్పకుండా దుంగలా ఒకేసారి దొర్లాలి. కింద కూర్చోకూడదు. బిందెలెత్తకూడదు. వంగి చెప్పులు తీయకూడదు. బెల్టు పెట్టుకుని నడవాలి. అన్నిటికీ సరేనన్నారు గానీ, చీర మీద బెల్టు నిలవడం లేదు, నైటీ వేసుకోండి అంటే మాత్రం ఇంటిల్లిపాదినీ ఏడిపించారు. "మీ మావయ్యగారి ఫొటో ముందు ఆ గౌన్లో తిరగమంటావా?" అంటారు. చివరికి నైటీ మీద ఒక ఉత్తరీయం కప్పుకునే ఒప్పందం మీద దిగొచ్చారు.

మార్చి 22న ఉగాది. ఆ వేళకి ఇంట్లో కర్ర పట్టుకుని తనంతట తాను తిరుగుతున్నారు. ఉగాది పచ్చడికి వేపపువ్వు కుర్చీలో కూర్చుని ఆవిడే ఏరారు. మామిడికాయ ముక్కలు పెద్దవిగా కోశానని నన్ను కేకలేశారు కూడా. ఆ కేకలు విని మావారు, "అమ్మ కోలుకుందోయ్" అన్నారు.

పండగైన పది రోజులకి మొదలైంది కొత్త నొప్పి.

కింద పడలేదు, జారలేదు, బరువెత్తలేదు. పొద్దున్న లేచి బాత్రూముకి వెళ్ళబోతూ "అబ్బా" అని గోడ పట్టుకుని నిలబడిపోయారు. కుట్లు వేసిన చోటు కాదు, ఇంకా కిందకి. సీటు పైభాగంలో, రెండు పక్కలా. మూడు రోజుల్లో కర్ర పోయి వాకరు వచ్చింది. వారానికి వాకరుతో కూడా నాలుగడుగులు కష్టమైపోయింది. పడుకుంటే హాయిగా ఉంటుంది, నిలబడితే ప్రాణం పోతుంది.

ఆపరేషన్ చేసిన చోటుకే తీసుకెళ్ళాం. ఎక్స్‌రే తీశారు. స్క్రూలు ఎక్కడివక్కడే ఉన్నాయి, కడ్డీలు వంగలేదు, అంతా సవ్యంగానే ఉందన్నారు. "ఆపరేషన్ అయినవాళ్ళకి ఆ మాత్రం నొప్పి మామూలే. మంచం మీద ఉంచకండి, బాగా నడిపించండి" అని నొప్పి బిళ్ళలు రాసి పంపేశారు.

నడిపించాం. రోజు రోజుకీ ఎక్కువైంది.

ఇక చుట్టపక్కాల మాటలు మొదలు. మా ఆడపడుచు పిఠాపురం నుంచి చూడ్డానికి వచ్చి నాలుగు రోజులుండి, "వదినా, నువ్వు మరీ గారం చేస్తున్నావు. అమ్మకి మంచం అలవాటైపోయింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారుగా" అంది. పక్కింటావిడ దిష్టి అంది. ఇంకొకావిడ స్క్రూలు పడలేదు, తీయించేయండి అంది. మా అత్తగారు ఇవన్నీ వింటూ గోడవైపు తిరిగి పడుకునేవారు. ఎన్నేళ్ళ కాపురంలోనూ ఆవిడ అంత నోరు మూసుకుని ఉండగా నేను చూడలేదు. నొప్పి కంటే ఆ మౌనమే నన్ను ఎక్కువ భయపెట్టింది. పనిదొంగ అని ఎవరినైనా అనొచ్చు గానీ ఆవిడనా! జ్వరంతో ఒడియాలు పెట్టిన మనిషి అండీ.

నేను చేసిందల్లా ఒక్కటే. పాల లెక్క రాసుకునే పుస్తకంలో వెనక పేజీలు తిప్పి రోజూ రాయడం మొదలుపెట్టాను. ఎప్పుడు నొప్పి వచ్చింది, నిలబడితేనా, కూర్చుంటేనా, తిరిగితేనా, పడుకుంటే ఎంతసేపట్లో తగ్గింది, వేలుపెట్టి చూపించమంటే ఎక్కడ చూపించారు, కాల్లోకి లాగుతోందా లేదా, జ్వరం ఉందా, కుట్ల దగ్గర చీము, తడి ఏమైనా ఉందా, ఒంటికి రెంటికి సవ్యంగా వెళుతున్నారా. పది రోజులు రాశాక తిరగేస్తే నాకే స్పష్టంగా కనపడింది. ఇది పాత నొప్పి కాదు. పాతది నడిస్తే పిక్కలోకి లాగేది, ఇప్పుడు కాలు అసలు లాగట్లేదు. ఇది ఒకే చోట, బరువు పడినప్పుడే వస్తోంది. మావారికి పుస్తకం చూపించాను. ఆయన ఏమీ అనలేదు గానీ మర్నాడే కారు మాట్లాడారు. కాకినాడలో ఇంకో ఎముకల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం.

ఆయన పుస్తకం మొత్తం చదివారు. నిజంగానే చదివారండీ, పేజీలు తిప్పి. తర్వాత మా అత్తగారిని బోర్లా పడుకోబెట్టి స్క్రూలున్న చోటు నొక్కారు, ఏమీ లేదు. నాలుగు వేళ్ళు కిందకి జరిపి నొక్కేసరికి ఆవిడ కెవ్వున అరిచారు. అప్పుడు సీటీ స్కాన్ తీయించారు. అందులో కనపడింది. త్రికాస్థిలో, కింది స్క్రూలు దిగిన చోటికి కాస్త దిగువన, అడ్డంగా సన్నటి చీలిక. ఎముక విరిగింది! పడకుండా, దెబ్బ తగలకుండా, మంచం మీద ఉన్న మనిషికి.

ఎక్స్‌రేలో ఎందుకు కనపడలేదని మావారు కాస్త కోపంగానే అడిగారు. త్రికాస్థి వంకరగా లోపలికి ఉంటుందనీ, దాని ముందు పేగులూ, వాటిలో గాలీ అడ్డొస్తాయనీ, ఎముక పల్చబడినవాళ్ళలో ఇలాంటి సన్న చీలిక ఎక్స్‌రేకి చిక్కకపోవడం చాలా మామూలనీ డాక్టరుగారు చెప్పారు. సీటీలో గానీ, ఎమ్మారైలో గానీ తేలుతుందట. బరువు తాళలేక పల్చటి ఎముక దానంతటదే చిట్లడాన్ని 1982లోనే లౌరీ అనే అమెరికా డాక్టరు వైద్య పత్రికలో రాశారు. నడుం ఆపరేషన్ తర్వాత ఇలా అవడం అరుదే. కానీ వయసు మళ్ళిన ఆడవాళ్ళలో, ఎముకలు గుల్లబారినవాళ్ళలో, త్రికాస్థి దాకా స్క్రూలు వేసినవాళ్ళలో, అందులోనూ ఎక్కువ పూసలు కలిపి బిగించినవాళ్ళలో కనిపిస్తుంది. మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ. కొందరికి కింద త్రికాస్థి బదులు స్క్రూలకి పైనున్న పూస నలిగిపోతుందట.

ఎందుకు ఇలా అవుతుందో ఆయన చెప్పిన తీరు నాకు నచ్చింది. మూడు పూసలు వేటికవి కదిలేటప్పుడు బరువుని తలా కాస్త పంచుకుంటాయి. బిగించేశాక ఆ మూడూ ఒక గడకర్ర. కర్ర వంగదు, అంచుల్లో ఉన్నదాని మీద పడుతుంది భారమంతా. కొత్త గుంజ పాత మట్టిగోడలో పాతితే గుంజ బాగానే ఉంటుంది, గోడే నెర్రె ఇస్తుంది చూడండి, అదే. స్క్రూలు బాగున్నాయని ఎక్స్‌రే చెప్పింది నిజమే. నెర్రె పడింది గోడకి.

ఆ తర్వాత ఆయన మూడు ప్రశ్నలు అడిగారు. ఇక్కణ్ణుంచి మీరందరూ మీ సంగతి కూడా ఆలోచించుకుంటూ చదవండి.

మొదటిది, మోకాళ్ళ నొప్పులకి ఏమైనా మందులు వాడారా అని. వాడారు. ఊళ్ళోకి వచ్చే ఒకాయన కాగితం పొట్లంలో కట్టి ఇచ్చే బిళ్ళలు, నాలుగేళ్ళు, నొప్పి వచ్చినప్పుడల్లా. ఇంట్లో మిగిలిన పొట్లం ఒకటి పట్టుకెళితే అందులో ఒక బిళ్ళ స్టెరాయిడ్ అని తేలింది. వేసుకోగానే మంత్రించినట్టు నొప్పి పోతుంది, ఆకలేస్తుంది, ముఖం నిండుగా కనపడుతుంది. లోపల ఎముకని చెదలా తినేస్తుంది. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పేరులేని పొట్లాలు మింగుతుంటే అవి ఏమిటో కనుక్కోండి. అయితే ఒక్క మాట, చాలాకాలంగా వాడుతున్నవాళ్ళు ఉన్నపళంగా మానేయకూడదు. ప్రాణం మీదకి వస్తుంది. డాక్టరు చేత మెల్లగా తగ్గించుకోవాలి.

రెండోది, ఎండలోకి వెళతారా అని. గోదావరి ఎండలో పుట్టి పెరిగినవాళ్ళని పట్టుకుని ఇదేం ప్రశ్న అనుకున్నాం. రక్తపరీక్షలో డి విటమిన్ సగానికి సగం తక్కువ. తిరుపతి స్విమ్స్ డాక్టర్లు మన ఆంధ్రాలోని పల్లెల్లో, పట్నాల్లో వాళ్ళని పరీక్షించి 2007, 2008లలో ప్రచురించారు. ఏడాదంతా ఎండ కాసే చోట కూడా చాలామందిలో ఈ విటమిన్ చాలడం లేదు. పొలం పనికి వెళ్ళేవాళ్ళు కొంత నయం, ఇంటిపట్టున ఉండేవాళ్ళు మరీ అన్యాయం. తిండిలో కాల్షియం కూడా ఇద్దరికీ తక్కువే. మనం తెల్లారకముందు వాకిలి ఊడ్చి వంటింట్లోకి దూరితే పొద్దు వాలాకే కదండీ మళ్ళీ బయట పడేది!

మూడో ప్రశ్న, గర్భసంచి తీయించుకున్నారా, ఎన్నో ఏట, దాంతోపాటు అండాశయాలు కూడా తీశారా అని.

తీయించుకున్నారు. ముప్ఫై నాలుగో ఏట, 1991లో. తెల్లబట్ట ఎక్కువగా అవుతోందని వెళితే, పిల్లలు పుట్టేశారు కదా, ఉంచుకుని ఏం చేస్తావు, తీసేస్తే ఏ గొడవా ఉండదని అన్నారట. అండాశయాల సంగతి ఆవిడకే తెలియదు. ఇంటికొచ్చి అటక మీద ట్రంకుపెట్టె దింపాను. మావయ్యగారు కాగితం ముక్క పారేసేవారు కాదు, ఆయన ఆత్మ చల్లగా ఉండాలి. శిస్తు రసీదుల కింద ఆ డిశ్చార్జి కార్డు దొరికింది. రెండు అండాశయాలూ తీసేసినట్టు రాసి ఉంది.

ఆడవాళ్ళ ఎముకలకి కాపలా కాసే హార్మోను అండాశయాల్లోనే తయారవుతుంది. నలభై ఎనిమిదికో యాభైకో ముట్లు ఆగాక అది తగ్గి ఎముక పల్చబడడం అందరికీ ఉన్నదే. ఆవిడకి ఆ తగ్గడం ముప్ఫై నాలుగుకే మొదలైంది. అంటే పదిహేనేళ్ళు ముందు. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచితే అంత ప్రమాదం లేదు గానీ, అప్పుడు కూడా అవి కొందరిలో ముందే అలిసిపోతాయట.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. కేంద్ర ప్రభుత్వం వారి కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో లెక్క తీస్తే, దేశం మొత్తమ్మీద 15 నుంచి 49 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మందికి తీసేసి ఉంది. దేశంలో మనదే మొదటి స్థానం. తెలంగాణలో కూడా ఎనిమిదికి దగ్గర. 2019-21లో మళ్ళీ చూస్తే మన అంకె పెద్దగా మారలేదు. మా వీధిలోనే నాకు తెలిసి ఐదుగురున్నారు, ఒక్కరికీ నలభై దాటలేదు. తీయక తప్పని జబ్బులు ఉంటాయి, కాదనను. కానీ ఎముకల సంగతి ఆ ఐదుగురిలో ఒక్కరికీ ఎవరూ చెప్పలేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్నగారు, మరికొందరు కలిసి బీద కుటుంబాల్లోని 30 నుంచి 60 ఏళ్ళ ఆడవాళ్ళని సుమారు మూడొందల మందిని పరీక్షించారు. 2005లో అది అచ్చయింది. తుంటి ఎముక దగ్గర చూస్తే నూటికి దాదాపు ముప్ఫై మందికి ఎముకలు గుల్లబారి ఉన్నాయి. తిండిలో కాల్షియం కావలసినదాంట్లో సగం కూడా లేదు. పాలు పిల్లలకి, పెరుగు మగవాళ్ళకి, మిగిలిన మజ్జిగ నీళ్ళు మనకి. ఇది ఎవరింట్లో లేదో చెప్పండి!

సరే, మా అత్తగారికి ఎముక బలం కొలిచే డెక్సా అనే పరీక్ష చేయించాం. నొప్పి ఉండదు, కాసేపు బల్ల మీద పడుకోవడమే. నడుములో లోహం ఉంది కాబట్టి అక్కడ లెక్క తప్పొస్తుందని తుంటి దగ్గర, ముంజేతి దగ్గర కొలిచారు. మైనస్ 2.5 గానీ, అంతకన్నా కిందకి గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. ఆవిడకి మైనస్ 3.4. ఈ పరీక్ష ఆపరేషన్‌కి ముందే చేయించి, ఎముకకి బలం మందులు మొదలుపెట్టి ఆ తర్వాత స్క్రూలు వేసే డాక్టర్లు ఉన్నారట. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అనుకుంటుంటే, అత్యవసరం కాకపోతే, "ఎముక బలం చూశారా అండీ?" అని ముందే అడగండి. అడిగితే డాక్టర్లేమీ అనుకోరు. అనుకున్నా ఫరవాలేదు.

అదృష్టం కొద్దీ చీలిన ఎముక పక్కకి జరగలేదు, నరాల మీద పడలేదు. జరిగి ఉంటే మళ్ళీ ఆపరేషన్ చేసి స్క్రూలని తుంటి ఎముకల దాకా పొడిగించాల్సి వచ్చేదట. ఒంటికి వెళ్ళడం తెలియకపోయినా, కూర్చునే చోట మొద్దుబారినా, కాలు సత్తువ పోయినా గంట కూడా ఆగకుండా తీసుకురమ్మని చెప్పారు. మాకు ఆ అవసరం రాలేదు.

వైద్యమంటారా, పైకి చూస్తే పెద్ద ఆర్భాటమేమీ లేదు. కొన్ని వారాలు నడక తగ్గించడం, వాకరు మీద సగం బరువు వేసి ఇంట్లోనే కాసేపు కాసేపు తిరగడం. పూర్తిగా మంచానికి కట్టేయకూడదన్నారు. పుళ్ళు పడతాయి, కాళ్ళల్లో రక్తం గడ్డకడుతుంది, ఉన్న ఎముక కూడా పల్చబడుతుంది. అంటే మునుపు "బాగా నడిపించండి" అన్నదీ కాదు, చుట్టాలు "కదలనివ్వకండి" అన్నదీ కాదు. ఈ మధ్యస్తం పాటించడమే కష్టమైన పని. గంట కొట్టినట్టు పొద్దున్న మూడుసార్లు, సాయంత్రం మూడుసార్లు, హాలు ఆ చివర నుంచి ఈ చివరకి.

మందుల్లో ముఖ్యమైంది టెరిపారటైడ్ అనే ఇంజెక్షన్. చక్కెర జబ్బు వాళ్ళ ఇన్సులిన్ పెన్ను లాంటిదే. రోజుకోసారి పొట్ట మీద గానీ తొడ మీద గానీ నేనే ఇచ్చేదాన్ని. ఇది కొత్త ఎముకని పుట్టిస్తుందట. చవక కాదు, నెలకి వేలల్లో అవుతుంది. దాన్ని ఫ్రిజ్‌లో ఉంచాలి, డీప్ ఫ్రీజర్‌లో కాదు. ఆ ఏడు మే నెలలో కరెంటు పోయినప్పుడల్లా నా ప్రాణం పెన్ను మీదే ఉండేది. ఐస్ ముక్కలు వేసిన చిన్న థర్మాకోల్ పెట్టె ఒకటి సిద్ధంగా ఉంచాను, పెన్ను ఐస్‌కి తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టి. మొదట్లో ఇంజెక్షన్ అయ్యాక లేస్తే కళ్ళు తిరిగేవి, అందుకని రాత్రి పడుకునే ముందు ఇవ్వడం అలవాటు చేశాం.

డి విటమిన్ పొడి పొట్లం 60,000 యూనిట్లది వారానికొకటి పాలల్లో, డాక్టరుగారు చెప్పిన ఎనిమిది వారాలు. ఇది రోజూ వేసుకునేది కాదండోయ్. మా వీధిలో ఒకావిడ బలం వస్తుందని రోజుకొకటి వేసుకోబోతుంటే ఆపాను. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకి చేటు. కాల్షియం బిళ్ళ అన్నం తిన్నాక. టీతో వద్దు, ఐరన్ బిళ్ళ, థైరాయిడ్ బిళ్ళలతో కలిపి అసలు వద్దు.

తిండి నా చేతిలోది కాబట్టి అది మటుకు నాకొదిలేయండి అన్నాను. రాగుల్లో వంద గ్రాములకి 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది. ముట్లు ఆగిన ఆడవాళ్ళకి రోజుకి 1200 మిల్లీగ్రాములు కావాలని పోషకాహార సంస్థవారి 2020 లెక్క. మూడు చెంచాల రాగిపిండి రాత్రే నీళ్ళలో కలిపి ఉంచేస్తాను. పొద్దున్నకి కాస్త పులుస్తుంది. మరిగే నీళ్ళలో పోసి ఉండకట్టకుండా తిప్పుతూ ఉడికించి, చల్లారాక గ్లాసుడు పెరుగు చిలికి కలిపి ఉప్పు, చిటికెడు వాముపొడి వేస్తే జావ. తీపి జావ ఆవిడ ముట్టరు. మునగాకు పప్పు వారానికి రెండుసార్లు, తెలగపిండి కూర, నువ్వులుండలు. మేం నీచు తినేవాళ్ళమే కాబట్టి ముల్లుతో సహా నమిలే మెత్తళ్ళు, వంకాయతో కలిపి. మెత్తళ్ళు ఉన్న రోజు మా అత్తగారు ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తింటారు.

ఇంట్లో మార్పులు కూడా కొన్ని చేశాం. నవారు మంచం తీసేసి గట్టి పరుపుతో ఎత్తు మంచం వేశాం. బాత్రూములో కమోడు, పక్కన గోడకి పట్టుకునే కమ్మీ. గుమ్మాల ముందు పరిచే పట్టాలన్నీ తీసి అవతల పారేశాను. మళ్ళీ కాలు తట్టుకుని పడితే ఈసారి తుంటి ఎముక పోతుందని హెచ్చరించారు మరి. వంటింట్లో ఆవిడకి గట్టు ఎత్తుకి సరిపోయే చేతుల కుర్చీ ఒకటి వడ్రంగి చేత చేయించారు మావారు. కూరలు తరిగే కత్తిపీట మాత్రం అటకెక్కింది. చాకుతో తరగడం ఆవిడకి ఇప్పటికీ చిరాకే.

ఆరో వారానికి నొప్పి సగమైంది. మూడు నెలలకి వాకరు మూల పెట్టారు. వినాయక చవితి నాటికి గుడికి వెళ్ళొచ్చారు, దారిలో ఒక్క అరుగు మీదే కూర్చుని. అప్పుడు తీసిన సీటీలో చీలిక పూడుకుంది, పైన పూసలు కూడా అతుక్కుంటున్నాయి.

మా ఆడపడుచు సంగతి చెప్పాలి కదూ. సీటీ రిపోర్టు వచ్చిన రోజు ఫోనులో చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వదినా, నాకు కూడా తీయించేశారుగా ముప్ఫై ఎనిమిదికి" అంది. తల్లి దగ్గరికి వచ్చి పక్కన పడుకుని రెండు రోజులుండి వెళ్ళింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. పిఠాపురం వెళ్ళేటప్పుడు కాకినాడలో దిగి డెక్సా చేయించుకుంది. మైనస్ 2.1. ఇంకా గుల్లబారలేదు, ఆ దారిలో ఉంది. ఆమెకి మందులు అవసరం లేదని కాల్షియం, డి విటమిన్, రోజూ అరగంట నడక చెప్పారు. నేనూ చేయించుకున్నాను. నాది మైనస్ 1.2.

ఇంజెక్షన్లు రెండేళ్ళు వాడి 2025 మే నెలలో ఆపేశారు. రెండేళ్ళకి మించి ఇవ్వరట. ఆపి ఊరుకుంటే వచ్చిన బలం మళ్ళీ కరిగిపోతుందని, ఏడాదికోసారి సెలైనులో ఎక్కించే ఇంకో మందు మొదలుపెట్టారు. దానికి ముందు పళ్ళ డాక్టరుకి చూపించుకుని పీకాల్సిన పన్ను ఉంటే పీకించుకోమన్నారు. ఈ మందులు వాడేటప్పుడు పన్ను తీస్తే దవడ ఎముక మానడం కొందరికి కష్టమవుతుందట. ఎక్కించిన రాత్రి జ్వరం, ఒళ్ళు నొప్పులు వచ్చాయి, రెండు రోజులకి తగ్గాయి. తుంటి లెక్క ఇప్పుడు మైనస్ 3.1. పెద్ద తేడా కాదు అనిపిస్తుంది గానీ, ఈ వయసులో కిందకి జారకుండా పైకి రావడమే విశేషం అన్నారు డాక్టరుగారు.

పూర్తిగా మునుపటిలా ఉన్నారా అంటే లేరు. బస్సులో గంట దాటితే సీటు కింద దిండు కావాలి. పీట మీద కూర్చోలేరు. పెళ్ళిళ్ళలో బంతి భోజనానికి కుర్చీ వేయించుకోవడం నామోషీగా ఉంటుందని చాలా పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశారు. తిరగలి కూడా వంటింటి మూలే ఉంది. మొన్న నేను మిక్సీలో కందిపొడి కొడుతుంటే కుర్చీలోంచి చూసి, మరీ మెత్తగా పోతోంది, బరకగా ఉండగానే ఆపమన్నారు. ఆపాను.